మంచినీళ్ళు

మంగళవారం మంచం పట్టినవాళ్ళ రోజు. కేథలిక్ గుడి తరఫున ఉపదేశి సీమోను మధ్యాహ్నం భోజనమవగానే సంచీ తగిలించుకుని సైకిలెక్కుతాడు. సంచీలో బీపీ మిషను, సిస్టర్ గారు పేర్లు రాసి కట్టిన మాత్రల పొట్లాలు, దూది, డెట్టాలు, బ్రెడ్డు, జపమాల. కాలవకు ఇటు అయిదిళ్ళు, అటు నాలుగు. ఆఖరిది మరిడమ్మది.

మరిడమ్మ పేరు సిస్టర్ గారి మాత్రల జాబితాలో ఉంది గాని గుడి పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఆమె జ్ఞానస్నానం పొందలేదు. అయినా పన్నెండేళ్ళుగా ప్రతి శనివారం గుడి ఊడ్చి తుడిచింది ఆమే. ఆదివారం పూజకు అందరికంటే ముందొచ్చి, అందరికంటే వెనక, తలుపు వారన చాప మీద కూర్చునేది. జ్ఞానస్నానం అయినవాళ్ళకే ఇచ్చే సత్ప్రసాదం వేళ అందరూ లేచి వరస కడితే, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని దారిచ్చేది.

ఇప్పుడు వసారాలో మంచం మీద ఉంది. మూత్రపిండాలు పాడై కాకినాడ పెద్దాసుపత్రిలో పదిహేను రోజులుంచారు. ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. కాళ్ళు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. కొబ్బరి పీచు తాడు పేని పేని కాయలు కాసిన అరచేతులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

సీమోను స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. "లావణ్య ఏదమ్మా?"

"ఎమ్మార్వో ఆఫీసుకెళ్ళిందండి. సుక్కురోరం కాకినాడలో కాయితాలు చూత్తారంట."

మరిడమ్మ కూతురు లావణ్యకి గురుకుల పాఠశాలలో టీచరు ఉద్యోగానికి జాబితాలో పేరొచ్చింది. ఆ సంగతి పేటంతా తెలుసు. సీమోను మరిడమ్మ జబ్బకు పట్టీ చుట్టి బటన్ నొక్కాడు. పట్టీ బిగిసి, వదిలి, మళ్ళీ బిగిసింది. మిషను అంకె చూపించలేదు. రెండోసారీ అంతే. పట్టీ విప్పి నెమ్మదిగా చుట్టాడు. చుట్టడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు తీసుకున్నాడు.

"ఉపదేశి గారండీ."

"చెప్పమ్మా."

"నీళ్ళు పోయండి."

అతనికి అర్థమైంది. ఆ మాట ఆమె పన్నెండు ఈస్టరు పండుగలకూ అడిగింది. ఈ ఏడైనా నాకు నీళ్ళు పోయించండి అని. ప్రతిసారీ అతనే, పిల్ల చదువు కానీ, పిల్లకి ఉద్యోగం రానీ అంటూ వచ్చాడు. ప్రాణం పోయే వేళ జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వవచ్చనీ, గురువులే కానక్కర్లేదనీ, అసలు క్రైస్తవులే కానక్కర్లేదనీ, నీళ్ళూ ఆ మాటలూ ఉంటే చాలనీ పిల్లలకు ప్రతి వేసవిలోనూ నేర్పేది అతనే.

మంచం పక్కన చెంబూ గ్లాసూ ఉన్నాయి. సీమోను చెంబెత్తాడు. గ్లాసులోకి వంచాడు. ఎడంచెయ్యి ఆమె మెడ కింద పెట్టి తల పైకెత్తి, గ్లాసు పెదవులకు ఆనించాడు.

మరిడమ్మ నోరు తెరవలేదు. నీళ్ళు గడ్డం మీంచి మెడలోకి జారాయి.

"ఆ నీళ్ళు కాదండి," అంది.

"ఫాదర్ గారు రాజమండ్రి మీటింగుకెళ్ళేరమ్మా. రేప్పొద్దున్న నేనే తీసుకొస్తాను. ఆయన చేతుల మీదుగా అయితే బాగుంటుంది కదా."

ఆమె అతని మొహంలోకి చూసింది. కోపం లేదు. బస్సు తప్పిపోయినవాళ్ళు రోడ్డుకేసి చూసినట్టు చూసింది.

"ఆయ్," అంది.

సీమోను తువ్వాలుతో ఆమె మెడ తుడిచాడు. మాత్రల పొట్లం దిండు కింద పెట్టాడు. పరలోక జపం చెప్పి, నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేసి, చెప్పులేసుకుని సైకిలెక్కాడు.

కాలవ వంతెన దాకా వచ్చి ఆగాడు. వెనక్కి వెళ్తే పది నిమిషాలు. కానీ నీళ్ళు పోస్తే పుస్తకంలో రాయాలి. క్రితం ఏడాది ముక్కూ మొహం తెలియని మనిషెవరో సమాధుల దొడ్డిలో ఫోటోలు తీసుకుపోయాడు. తండ్రి సమాధి మీద సిలువ ఉన్నవాడు హిందువునని ఉద్యోగం ఎలా చేస్తున్నాడని కలెక్టరాఫీసుకి అర్జీ పెట్టాడు. పేటలో సగం ఇళ్ళవాళ్ళు గుడికి క్రైస్తవులు, కాగితానికి హిందువులు. క్రైస్తవులని రాస్తే ఎస్సీ సర్టిఫికెట్టు ఉండదు. కరెంటాఫీసులో పనిచేస్తున్న సీమోను కొడుకు హర్షకూ అదే కాగితం. శుక్రవారం ఈ పిల్ల చేతిలో ఉండబోయేదీ అదే. మూడు రోజులాగితే అందరికీ మంచిది.

అనుకుని, వంతెన దిగాడు.

*

బుధవారం పొద్దున్నే ఫాదర్ బాలశౌరి గారు రాజమండ్రి నుంచి మొదటి బస్సులో దిగారు. ముప్పయ్యేళ్ళు దాటని మనిషి, గుంటూరు వైపు నుంచి ఈ గుడికి గురువుగా వచ్చి ఏడాది కాలేదు. సీమోను గుడి తలుపులు తీసి, మరిడమ్మ దగ్గరికని తైలం సీసా, తెల్ల గుడ్డ సంచీలో సర్దుతుండగా గేటు దగ్గర మోటారు సైకిలాగింది. మరిడమ్మ మరిది అమ్మిరాజు. బండి దిగకుండానే చెప్పాడు.

"మా వదిన పోయిందండి. తెల్లారగట్ట."

సీమోను చేతిలో సీసా చేతిలోనే ఉండిపోయింది.

గంటలో గుడి అరుగు మీద నలుగురూ చేరారు. ఫాదర్ గారు, సీమోను, అమ్మిరాజు, గుడి కమిటీ అధ్యక్షుడు సత్యప్రసాద్ మాస్టారు. ఆయన హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. మూడేళ్ళ కింద కరోనాలో భార్య తెరేసమ్మ పోయాక ఇంట్లో ఒక్కడే. గుడి లెక్కలూ, సమాధుల దొడ్డి తాళమూ ఆయన దగ్గరే ఉంటాయి.

"మా వాళ్ళ రేవులో దహనం చేత్తానంటే మా పిల్ల ఒప్పుకోట్లేదండి," అన్నాడు అమ్మిరాజు. "గుడి దొడ్డిలోనే పెట్టాలంటంది. వాళ్ళమ్మ అలాగే చెప్పిందంట. నాకేం అభ్యంతరం లేదండి బాబూ. పన్నెండేళ్ళు మీ గుడి ఊడ్చింది మరి."

సత్యప్రసాద్ మాస్టారు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు. "ఊడవడం వేరు, రిజిస్టర్లో ఉండడం వేరు అమ్మిరాజూ. రేవులో దహనం చేస్తే లావణ్యకే మంచిది. కాగితాల్లో ఏముందో అదే జరిగినట్టుంటుంది. ఎల్లుండే కదా వెరిఫికేషను. శత్రువులెక్కడ ఉంటారో మనకేం తెలుసు?"

"జ్ఞానార్థుల పుస్తకంలో పేరున్నా చాలండి, పూడ్చవచ్చు," అన్నారు ఫాదర్ గారు. జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్నవాళ్ళ పేర్లు రాసే పుస్తకమది. రాయాల్సింది సీమోను. "ఉందా?"

"లేదండి."

"ఎందుకు లేదు?"

సీమోను మాస్టారు వైపు చూశాడు. మాస్టారు అందుకున్నాడు. "నేనే వద్దన్నానండి. ఆ అర్జీ గొడవయ్యేక కొత్త పేర్లు వద్దన్నాను."

ఫాదర్ గారు సీమోను వైపు తిరిగారు. "నిన్న మీరెళ్ళేరు కదా. చివర్లో కోరినా సరే, ఆలోచించొచ్చు. జ్ఞానస్నానం సంగతేమైనా అడిగిందా?"

అరుగు కింద పావురాలు గింజలు ఏరుకుంటున్నాయి. సీమోను వాటినే చూశాడు.

"లేదండి," అన్నాడు. "మంచినీళ్ళు అడిగింది."

మాస్టారు లేచాడు. "అయితే ఇంకేముందండి. అమ్మిరాజూ, పిల్లకి నచ్చజెప్పు."

*

మధ్యాహ్నం సీమోను మరిడమ్మ ఇంటికి వెళ్ళాడు. వెళ్ళకపోతే బాగుండదు. వాకిట్లో టార్పాలిను కట్టారు. వసారాలో నిన్న మంచమున్న చోట ఫ్రీజరు పెట్టె ఉంది. అది ఉండుండి గుర్రుమని మొదలై, కాసేపు నడిచి, ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా కూర్చున్నవాళ్ళు తలలెత్తి చూస్తున్నారు.

అద్దం లోపల మరిడమ్మ మొహం చిన్నదైపోయింది. కళ్ళు మూసి ఉన్నాయి. పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి. నిన్న తెరవని నోరు. సీమోను చూపు తిప్పుకున్నాడు.

లావణ్య గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన మొహం. అతన్ని చూసి లేచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి ఉపదేశి గారూ."

కూర్చున్నాడు.

"బాబాయ్ చెప్పేడండి, గుడివాళ్ళు కుదరదన్నారని."

"పుస్తకంలో పేరు లేదమ్మా," అన్నాడు. "నీ ఉద్యోగం సంగతి కూడా మాస్టారు గారు ఆలోచిస్తున్నారు."

"నా గురించి అందరూ ఆలోచిస్తున్నారండి," అంది లావణ్య. అందులో దెప్పు ఉందో లేదో తెలియలేదు. "రేపు పొద్దున్న పూజయ్యేక నేనే వస్తాను. ఫాదర్ గారితో మాట్లాడాలి. అప్పటిదాకా ఎక్కడికీ తీసుకెళ్ళనివ్వను."

గుడి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. కమిటీ ఏం చెప్పిందో వాళ్ళకు తెలుసు. లోపలికి రాకుండా వాకిట్లో టార్పాలిను అంచున చాపలు పరుచుకుని కూర్చున్నారు. ముసలి అచ్చాయమ్మ జపమాల తీసింది. ఇది గుడి తరఫున కాదు, మా అంతట మేం చెప్పుకుంటున్నాం అన్నట్టు గొంతు బాగా తగ్గించి మంగళవార్త జపం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు అందుకున్నారు. ఆ గొణుగుడూ పెట్టె గుర్రూ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా అయింది. సీమోను జపం కలపబోయాడు. "ఇప్పుడునూ మా మరణ సమయమందునూ" అన్నచోట నాలుక తిరగలేదు. కుర్చీ చప్పుడవకుండా జరిపి లేచాడు.

ఇంటికొస్తే భార్య మేరీ అలవాటుగా కాళ్ళకు నీళ్ళిచ్చి, తాగడానికి గ్లాసు అందించింది. సీమోను గ్లాసు నోటి దాకా తెచ్చాడు. చల్లటి అంచు పెదవికి తగలగానే మెడ కింద, చొక్కా లోపల, తడి పాకినట్టయింది. చెయ్యి పెట్టి చూసుకున్నాడు. పొడిగానే ఉంది. గ్లాసు అరుగు మీద పెట్టేశాడు.

"ఏమైందండి?"

"ఏం లేదు."

సాయంత్రం హర్ష ఫోన్ చేశాడు. ఎవరో చెప్పినట్టున్నారు. "నాన్నా, ఆవిణ్ణి దొడ్డిలో పెట్టే గొడవలో నువ్వు దూరకు. మా ఆఫీసులో ఇద్దరికి నోటీసులొచ్చేయి. నీకు చెప్పలేదు, అమ్మ కంగారుపడుద్దని."

"నేనేం దూరలేదురా."

"అదే మంచిది."

ఫోన్ పెట్టేశాక పెరట్లోకి వెళ్ళాడు. కుళాయి సరిగా కట్టలేదు, బకెట్లోకి ఒక్కో చుక్కా పడుతోంది. గట్టిగా తిప్పాడు. ఆగింది. లోపలికి వచ్చి కూర్చున్నాక మళ్ళీ పడుతున్నట్టే వినిపించింది. మళ్ళీ వెళ్ళి చూశాడు. బకెట్టు కదలకుండా ఉంది, నీళ్ళలో పక్కనున్న గుడి దీపం వెలుగు కదలకుండా ఉంది. మూడోసారి లేచినప్పుడు మేరీ అడ్డొచ్చింది.

"నిన్న ఆవిడేం అడిగింది?"

"ఫాదర్ గారికి చెప్పేను కదా."

"ఫాదర్ గారికి చెప్పింది విన్నాను. నాకు చెప్పండి."

వంటగది గుమ్మంలో నిలబడి చెప్పాడు. చెంబు, గ్లాసు, ఆమె మూసుకున్న నోరు, ఆయ్ అనడం. చెబుతున్నంతసేపూ మేరీ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"పన్నెండేళ్ళు నా వెనకే చాప పరుచుకుందండి," అంది. "నేను సత్ప్రసాదం పుచ్చుకుని వెనక్కొస్తుంటే నా మొహంలోకి చూసేది. ఎలా ఉంటుందని ఒకసారి అడిగింది కూడా. అప్పడం ముక్కలా ఉంటుందన్నాను. నవ్వింది." కొంగు వదిలేసింది. "హర్ష సంగతి నాకూ భయమే. కాని ఇది నాకు చెప్పి ఏం లాభం?"

*

గురువారం పూజకు మామూలుగా పది పన్నెండు మంది ఉంటారు. ఆ రోజు గుడి సగం నిండింది. అయ్యాక ఎవరూ కదల్లేదు. లావణ్య గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి నాలుగడుగులు వేసి ఆగింది. ఫాదర్ గారు పూజ బట్టలు మార్చుకుని వచ్చి ముందు బెంచీ మీద కూర్చున్నారు. సత్యప్రసాద్ మాస్టారు పక్కన నిలబడ్డాడు. సీమోను బలిపీఠం గుడ్డ మడతపెడుతున్నాడు.

"చెప్పమ్మా."

"అమ్మకి నేను నీళ్ళు పోసేనండి," అంది లావణ్య.

ఫాదర్ గారికి వెంటనే అర్థం కాలేదు. "ఏ నీళ్ళమ్మా?"

"జ్ఞానస్నానం నీళ్ళండి. మంగళవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఉపదేశి గారు రేపు ఫాదర్ గారిని తీసుకొస్తామన్నారే, నాకు రేపు కనపట్లేదు, నువ్వే నీళ్ళు పొయ్యవే అంది. నాకు రాదమ్మా అన్నాను. నేను చెప్తాను, నా వెనకాల అను అంది."

గుడిలో ఎవరో చిన్నగా దగ్గారు.

"మాటలు గుర్తున్నాయా?" ఫాదర్ గారి గొంతు మారింది.

లావణ్య చేతులు కట్టుకుంది, బడిలో పాఠం అప్పజెప్పేదానిలా. "మరిడమ్మా, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను." ఊపిరి తీసుకుంది. "మొదట ఇస్తున్నాను అన్నానండి. అలాక్కాదు, ఇచ్చుచున్నాను అనాలంది. మళ్ళీ చెప్పించింది. గుళ్ళో ఎన్నిసార్లు విందో మరి. నుదుటి మీద మూడుసార్లు పోయించుకుంది. బిందెలో కుళాయి నీళ్ళండి, అవి పనికొస్తాయో లేదో నాకు తెలీదు."

"పనికొస్తాయి," అన్నారు ఫాదర్ గారు. ఆయన లేచి నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో ఆయనకే తెలిసినట్టు లేదు. "చెల్లుతుందమ్మా."

"ఒక్క నిమిషం ఫాదర్ గారూ." మాస్టారు కేకలేసే మనిషి కాదు. ఇప్పుడూ వెయ్యలేదు. "ఇంట్లో ఇద్దరే. ఒకరు పోయేరు. రెండో ఆమె మన మనిషి కాదు. తల్లి మీద ప్రేమ కొద్దీ ఆ పిల్ల ఏమైనా చెప్తుంది. తప్పు పట్టను. కాని రిజిస్టర్లో రాయాలంటే సాక్ష్యం ఉండాలి కదండి? ఆవిడ నిజంగా కోరిందని చెప్పేవాళ్ళెవరు? ఆ మధ్యాహ్నం వెళ్ళిన ఉపదేశి గారే ఏమీ అడగలేదన్నారు."

అందరూ సీమోనును చూశారు.

అతని చేతిలో గుడ్డ నాలుగు మడతలయింది. ఇంకా మడిచే వీలు లేదు. దాన్ని బలిపీఠం మీద పెట్టి, మెట్టు దిగి వచ్చాడు.

"అడిగిందండి," అన్నాడు.

మాస్టారు కనుబొమలు ముడిపడ్డాయి. "ఏమిటి?"

"నన్నడిగింది. నీళ్ళు పోయండి అంది. దేనికడిగిందో నాకు తెలిసింది. తెలిసే, గ్లాసులో పోసి నోటికిచ్చేను. ఆ నీళ్ళు కాదండి అని కూడా అంది." ఫాదర్ గారి వైపు చూడబోయి, చూడలేక లావణ్య పాదాల వైపు చూశాడు. "నిన్న గుడి అరుగు మీద అబద్ధమాడేను. మా అబ్బాయి ఉద్యోగం గురించి భయమేసింది. ఈ పిల్ల ఉద్యోగం గురించి అని నాకు నేను చెప్పుకున్నాను గాని, మా అబ్బాయి గురించేనండి."

మేరీ ఆడవాళ్ళ వరసలో తల వంచుకుంది. ఇక హర్షకు ఏమని చెప్పుకోవాలో ఆలోచిస్తోందని అతనికి తెలుసు.

"లావణ్యా," అన్నాడు సీమోను, "నేను..."

"తెలుసండి," అంది లావణ్య. "అమ్మ చెప్పింది."

"ఏమని చెప్పింది?"

"ఉపదేశి గారికి భయమేసింది పాపం, అంది."

అంతే అంది. అందులో నింద లేదు. నింద ఉంటే పట్టుకుని నిలబడేవాడు. సీమోను బెంచీ చివర పట్టుకున్నాడు.

ఫాదర్ గారు గదిలోకి వెళ్ళి రిజిస్టరు తెచ్చి బెంచీ మీద తెరిచారు. పెన్ను సీమోనుకిచ్చారు. ఇన్నాళ్ళూ అందులో రాసింది అతనే.

"పేరేం పెట్టేవమ్మా? జ్ఞానస్నానం పేరు?"

"మరిడమ్మేనండి. మేరీ అని పెట్టనా అంటే, నాకు నా పేరుంది కదే అంది."

ఫాదర్ గారు ఒక్క క్షణం తటపటాయించారు. "సరే. మరిడమ్మ."

సీమోను రాశాడు. ఇచ్చినవారు అన్న గడిలో లావణ్య అని రాయబోయి ఆగాడు. "అమ్మా, ఇక్కడ నీ పేరొస్తుంది. రేపు కాకినాడలో..."

"నేను పోసేనని రాయండి. నేను పోసేనన్నది నిజం కదా." ఆ పిల్ల గొంతు అప్పుడు మొదటిసారి వణికింది. "రేపు అడిగితే ఏం చెప్పాలో నాకింకా తెలీదండి. బస్సులో ఆలోచించుకుంటాను."

సత్యప్రసాద్ మాస్టారు జేబులోంచి సమాధుల దొడ్డి తాళంచెవి తీసి, తెరిచిన రిజిస్టరు పక్కన పెట్టాడు. "రేపు ఇంకో అర్జీ వస్తే యాభై ఇళ్ళవాళ్ళు వచ్చి మిమ్మల్నడుగుతారు ఫాదర్ గారూ. నన్ను కాదు." ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. ఆయన స్కూటరు రెండు కిక్కులకు గాని అంటుకోలేదు.

*

మూడు గంటలకు మరిడమ్మను తీసుకొచ్చారు. గుడిలోకి తెచ్చి, తలుపు దగ్గర ఆపకుండా, నడవలో ముందుదాకా మోసుకెళ్ళి బలిపీఠం ఎదుట దించారు. అమ్మిరాజు ఒక కొస పట్టాడు. చెప్పులెక్కడ విడవాలో, ఎప్పుడు లేవాలో తెలియక పక్కవాళ్ళను చూసి లేచాడు, కూర్చున్నాడు.

సమాధుల దొడ్డి గుడి వెనక, కొబ్బరి తోటకూ రొయ్యల చెరువు గట్టుకూ మధ్య ఉంటుంది. అర్జీ గొడవయ్యాక ఎవరి సమాధికి వాళ్ళొచ్చి సున్నం వేసుకున్నారు. పేర్లు, తేదీలు, వాక్యాలు అన్నీ సున్నం కిందికి పోయాయి. సిలువలు మాత్రం మిగిలాయి, ఒకదాని వెనక ఒకటి, తెల్లగా. పేరు లేని ఆ వరసల మధ్య నడుస్తుంటే ఎవరెవర్ని దాటుతున్నారో ఎవరికీ తెలియదు. పరిచయమున్నవాళ్ళు మొహాలు కప్పుకుని నిలబడ్డట్టుంటుంది. సీమోను తన తండ్రి సమాధి కూడా లెక్కపెట్టుకుని గుర్తుపట్టాలి.

గొయ్యి నాలుగడుగులు దాటగానే నీరూరింది. కోనసీమలో ఎక్కడ తవ్వినా అంతే. ఇద్దరు మనుషులు బకెట్లతో తోడి పోశారు. పెట్టె దించుతుంటే అడుగు తడికి తగిలిన చప్పుడు అందరికీ వినిపించింది. ఫాదర్ గారు ప్రార్థన చదివారు. లావణ్య మొదటి పిడికెడు మట్టి వేసింది. తర్వాత అచ్చాయమ్మ, మేరీ, తక్కిన ఆడవాళ్ళు.

సీమోను వంతొచ్చినప్పుడు మట్టి తీసుకుని నిలబడిపోయాడు. చెప్పేశాడు, రాసేశాడు, ఆమెకు దక్కాల్సిన చోటు దక్కింది. అయినా చేతిలో మట్టి తేలిక కాలేదు. ఆమె అతన్ని అడిగిన నిమిషం ఒకటుంది. అది అక్కడే ఉంది, ఎవరూ దాన్ని పూడ్చలేరు. మట్టి వదిలాడు.

జనం వెళ్ళిపోయారు. తవ్వినవాళ్ళు కూడా టీ తాగడానికి వెళ్ళారు. సీమోను పార తీసుకుని దిబ్బ అంచులు సరిచేస్తున్నాడు. అలికిడైతే తలెత్తాడు. సత్యప్రసాద్ మాస్టారు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"రండి మాస్టారూ."

ఆయన వచ్చాడు. కొత్త మట్టి చుట్టూ ఒకసారి నడిచాడు. తాళంచెవి కోసం వచ్చాడేమోనని సీమోను జేబులో చెయ్యి పెట్టాడు. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"తెరేసమ్మని కాల్చింది గవర్నమెంటోళ్ళు కాదు సీమోనూ."

సీమోను పార ఆపాడు. కరోనాలో కాకినాడలోనే దహనం చేసేశారు, మనిషిని చూడనివ్వనైనా లేదు అని ఆయనే చెప్పాడు. గుడిలో జ్ఞాపకార్థ పూజ పెట్టినప్పుడు అందరూ ఆ మాటకే ఏడ్చారు.

"ఆస్పత్రి వెనకాల బల్ల వేసి ఫారం ఇచ్చేరు," అన్నాడు మాస్టారు. "మతం అని ఒక గడి. దాన్ని బట్టి ఎటు పంపాలో అటు పంపుతున్నారు. పూడ్చడానికి మన కేథలిక్ కుర్రాళ్ళే ఇద్దరు బండి పెట్టుకుని నుంచున్నారు. వాళ్ళ మెళ్ళో జపమాలలు కనపడుతున్నాయి. నా పక్కన మా మండలం విద్యాధికారి. ఆయన తల్లి కూడా ఆ పొద్దున్నే పోయింది. నా దగ్గర పెన్ను లేదు. ఆయనదే తీసుకున్నాను. నేను రాసేదాకా అలా చూస్తూ నుంచున్నాడు, పెన్ను కోసం. అంతే, పెన్ను కోసమే. నా ఉద్యోగమూ ఎస్సీ కాగితం మీదదే, రిటైర్మెంటుకి పదకొండు నెలలుంది. హిందూ అని రాసేను."

చెరువు గట్టు మీద ఏరియేటర్లు తిరగడం మొదలైంది. నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు దొడ్డి అంతా పరుచుకుంది.

"ముందురోజు ఫోన్లో చెప్పింది. నన్ను మాత్రం మట్టిలో పెట్టండి, మంటంటే నాకు భయం అంది. సరే అన్నాను." ఆయన కండువా తీసి మొహం తుడుచుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. "రాత్రుళ్ళు అడుగుద్దనుకున్నాను. కల్లోకైనా వచ్చి, ఎందుకలా రాసేరు అంటుందనుకున్నాను. రాదు. మూడేళ్ళుగా ఒక్కసారి రాలేదు."

"మాస్టారూ..."

"నువ్వు అదృష్టవంతుడివి సీమోనూ. పొద్దున్న ఆ పిల్ల చెప్పింది కదా, వాళ్ళమ్మ నిన్నేమందో. తెరేసమ్మ నన్నేమనుకుందో చెప్పడానికి నాకు ఎవరూ లేరు."

ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి నెమ్మదిగా దిగి, పక్కనున్న సున్నం సమాధి అంచున కూర్చున్నాడు. అది ఎవరిదో ఆయన చూసుకోలేదు. చూసినా తెలియదు.

సీమోను ఓదార్పు మాట కోసం వెతికాడు. ముప్పయ్యేళ్ళుగా చావు ఇళ్ళలో చెప్పే మాటలు అతనికి చాలా వచ్చు. ఒక్కటీ పైకి తీయబుద్ధి కాలేదు. పార కింద పెట్టి, వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు.